కడియంలో పూసిన ఆపిల్‌కు చలి ఎక్కడిది?

గోదావరి డెల్టాలో కడియం, కడియపులంక రోడ్డు మీద నర్సరీల్లో ఇప్పుడు మందార, గులాబీ, మామిడి అంట్ల పక్కనే ఆపిల్ మొక్క కూడా కనిపిస్తుంది. కొన్నిచోట్ల బ్లూబెర్రీ, ఆక్రోటు, బాదం కూడా ఉంటాయి. "ఆయ్, పూత చూడండి, మన నేలలోనే వచ్చిందండి" అని అమ్మేవారు చూపిస్తే నిజంగానే కొమ్మ చివర తెల్లటి పూల గుత్తి ఉంటుంది. ఫోన్ తెరిస్తే లంబసింగి స్ట్రాబెర్రీలు, తెలంగాణలో కాసిన ఆపిళ్లు, ఏసీ గదిలో పూసిన కుంకుమపువ్వు వరసగా వస్తాయి. అనుభవమున్న రైతును అడిగితే మాత్రం "అవి చలి కొండల పంటలు, మన డెల్టాలో కావు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

నర్సరీలో కనబడిన పూత నిజం. రైతు మాటా నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే చలి కొండల చెట్టు ఏడాదిని ఎలా గడుపుతుందో ముందు చూడాలి.

కొండ చెట్టు చలిని ఎందుకు లెక్కపెట్టుకుంటుంది

కశ్మీర్‌లోనో, సిమ్లా కొండల్లోనో పెరిగే ఆపిల్ చెట్టు వచ్చే ఏడాది పూతకు కావలసిన మొగ్గను ఈ ఏడాది వేసవిలోనే తయారుచేసి పెట్టుకుంటుంది. శరదృతువులో చలి తగలగానే ఆకు రాల్చి ఆ మొగ్గను మూసేస్తుంది. తర్వాతి రెండు మూడు నెలలు దానికి ఎంత వెచ్చదనం ఇచ్చినా మొగ్గ విచ్చదు. దీన్నే సుప్తావస్థ అంటారు.

ఇది చెట్టు బతికి బయటపడటానికి పుట్టిన ఏర్పాటు. డిసెంబరులో ఒక వారం ఎండ కాసిందని కశ్మీర్ చెట్టు చిగురిస్తే, జనవరి మంచుకు ఆ చిగురంతా మాడిపోతుంది. అందుకే వెచ్చదనాన్ని నమ్మకుండా, ఎంత చలి గడిచిందో లెక్క పెట్టుకునే చెట్లే అక్కడ మిగిలాయి. కావలసినంత చలి గడిచిందంటే చలికాలం దాదాపు అయిపోయినట్టే. అప్పుడు మాత్రమే వెచ్చదనానికి స్పందిస్తుంది.

ఈ లెక్క మొగ్గ లోపల రసాయనాలతో సాగుతుంది. సుప్తావస్థలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఎక్కువగా ఉండి ఎదుగుదలను ఆపుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని దారులు కాలోజ్ అనే పదార్థంతో పూడుకుపోతాయి. వారాల తరబడి చలి తగిలితే ఆ హార్మోను తగ్గుతుంది, దారులు తెరుచుకుంటాయి, ఎదుగుదలను ఆపి ఉంచిన జన్యువులు సద్దుమణుగుతాయి.

మన మామిడికీ కొంత చల్లదనం కావాలి. ధనుర్మాసంలో రాత్రులు చల్లబడితే పూత బాగా వస్తుందని డెల్టాలో అందరికీ తెలుసు. అయితే మామిడి ఆకు రాల్చి మూసుకుపోయే చెట్టు కాదు. ముదిరిన రెమ్మను పూత వైపు తిప్పడానికి దానికి 15 నుంచి 18 డిగ్రీల రాత్రులు చాలు. ఆపిల్ అడిగేది అంతకు ఎంతో దిగువన ఉన్న చలి.

చలి గంటల లెక్క: ఒకే రోజుకు రెండు జవాబులు

ఒక చెట్టుకు ఎంత చలి కావాలో చెప్పడానికి వాడే కొలత చలి గంట. శాస్త్రవేత్తలు చిల్లింగ్ అవర్ అనేది దీన్నే. పాత పద్ధతిలో ఉష్ణోగ్రత 7.2 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్న ప్రతి గంటనూ ఒకటిగా లెక్కపెడతారు. కొండల్లో పండే మామూలు ఆపిల్ రకాలకు శీతాకాలం మొత్తం మీద 800 నుంచి 1,200 గంటలు కావాలి. ఆక్రోటుకు రకాన్ని బట్టి 500 నుంచి 1,000 దాటి ఉంటుంది. బాదం తక్కువతో సరిపెట్టుకుంటుంది, 200 నుంచి 400 గంటలు చాలు.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. సున్నాకు దిగువన గడ్డకట్టే చలి చెట్టు లెక్కకు దాదాపు పనికిరాదు. పగటి ఎండ రాత్రి చలిని కొంత చెరిపేస్తుంది కూడా. అందుకే 1974లో అమెరికాలో యూటా పద్ధతి వచ్చింది. దాని ప్రకారం 2.5 నుంచి 9.1 డిగ్రీల మధ్య గడిచిన గంటకు ఒక మార్కు, 9.2 నుంచి 12.4 వరకు అర మార్కు, 12.5 నుంచి 15.9 వరకు సున్నా. 16 దాటితే అర మార్కు పోతుంది, 18 దాటితే గంటకు ఒక మార్కు పూర్తిగా పోతుంది.

లంబసింగి లాంటి చోట ఒక జనవరి రోజును లెక్క కోసం ఇలా ఊహించుకుందాం. తెల్లవారుజామున 6 గంటలు 4 నుంచి 9 డిగ్రీల మధ్య, 4 గంటలు 9.2 నుంచి 12.4 మధ్య, 4 గంటలు 12.5 నుంచి 15.9 మధ్య, 4 గంటలు 16 నుంచి 18 మధ్య, మిగిలిన 6 గంటలు 18 పైన. మొదటి 6 గంటల్లో 4 గంటలు 7.2 కంటే కింద ఉన్నాయనుకుంటే పాత పద్ధతిలో ఆ రోజుకు 4 చలి గంటలు. అలాంటి రోజులు 50 వస్తే 200 గంటలు. యూటా పద్ధతిలో అదే రోజుకు 6, దానికి 2 కలిస్తే 8. అందులోంచి 16-18 డిగ్రీల గంటలకు 2, పగటి వేడికి 6 తీసేస్తే మిగిలేది సున్నా. సున్నాను 50తో గుణించినా సున్నాయే. ఒకే ఊరికి, ఒకే వాతావరణానికి ఒకరు 200 అంటే మరొకరు ఏమీ లేదంటారు. ఏజెన్సీ కొండల్లో ఆపిల్ పండుతుందా లేదా అన్న వాదనలో ఇద్దరూ అంకెలతోనే మాట్లాడి కూడా ఏకీభవించకపోవడానికి ఇదొక కారణం.

ఈ తగవును కొంతవరకు తీర్చింది 1980లలో ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకున్న డైనమిక్ పద్ధతి. దీని ప్రకారం చలి ప్రభావం రెండు మెట్లలో పోగవుతుంది. మొదటి మెట్టులో ఉన్నంతసేపు పగటి వేడి దాన్ని చెరపగలదు. రెండో మెట్టుకు చేరాక చెరపలేదు. తోడుకుంటున్న పాలను కదిపితే చెడతాయి గానీ, తోడుకున్నాక పెరుగు మళ్లీ పాలు కానట్టే. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండే ప్రాంతాలకు మూడింటిలో ఇదే బాగా సరిపోతోంది. దీన్నిబట్టి చూస్తే లంబసింగికి సున్నా కంటే ఎక్కువే వస్తుంది, కశ్మీర్ అంత మాత్రం రాదు.

డెల్టాకు ఏ పద్ధతితో లెక్క కట్టినా జవాబు మారదు. రాజమండ్రిలో గానీ అమలాపురంలో గానీ జనవరి రాత్రుల కనిష్ఠం మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 7.2 కిందికి దిగిన గంటలు లేవు. యూటా పద్ధతిలో 6 గంటలు 17 దగ్గర, 18 గంటలు అంతకు పైన ఉన్నాయనుకుంటే రోజుకు 21 మార్కులు పోతాయి.

మన రాత్రి ఎందుకు చల్లబడదు

పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని భూగోళ పాఠంలో చదువుకున్నాం. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డెల్టాలో 18 ఉన్న రాత్రి అక్కడ 11.5 ఉండాలి. కానీ చలి ముదిరిన రోజుల్లో అక్కడ అంతకంటే చాలా కిందికి దిగుతుంది, కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దరిదాపులకు వెళ్లినట్టు వార్తలొస్తాయి. ఎత్తు ఒక్కటే చాలదన్నమాట.

మబ్బులేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి, కొండల మధ్య పల్లంలో నిలుస్తుంది. పొడిగాలి అయితే ఇది ఇంకా వేగంగా సాగుతుంది.

డెల్టాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు, బోదెలు ప్రతి చేనుకూ నీరు తెచ్చాయి. సార్వా అయ్యాక దాళ్వా, మధ్యలో చేపల చెరువులు, కిందన సముద్రం. నీరు పగటి వేడిని దాచుకుని రాత్రంతా నెమ్మదిగా వదులుతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కొంచెం చల్లబడగానే మంచు పడుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి విడుదలై ఉష్ణోగ్రత ఇంకా దిగకుండా ఆపుతుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే కొబ్బరి తోటల్లో కమ్ముకునే మంచు, మనకు చలి ఇంతకు మించి పడదని చెప్పే గుర్తే. వరినీ కొబ్బరినీ బతికించే నీరే ఆపిల్‌కు కావలసిన రాత్రిని రానివ్వడం లేదు.

మొదటి ఏడాది పూత: కొండ ఇచ్చి పంపిన చలి

ఇప్పుడు కడియంలో కనబడిన పూల గుత్తి దగ్గరికి వద్దాం. నాకు తెలిసినంతలో ఈ విషయంలో జనం పొరబడేది ఇక్కడే, ఎవరూ మోసం చేయకుండానే.

ఆపిల్ అంట్లు హిమాచల్ నర్సరీల నుంచి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ఎక్కువగా రవాణా అవుతాయి. ఆ సమయంలో మొక్క సుప్తావస్థలో ఉంటుంది, ఆకు ఉండదు, వేరు మీద మట్టి లేకపోయినా దూర ప్రయాణం తట్టుకుంటుంది. కొమ్మ మీద మొగ్గ కిందటి వేసవిలో కొండ మీదే తయారైంది. దానికి కావలసిన చలిలో చాలా భాగమో, మొత్తమో అక్కడే గడిచిపోయింది. ఇక దానికి కావలసింది వెచ్చదనమే. గోదావరి గట్టున అది ఫిబ్రవరిలోనే దండిగా దొరుకుతుంది. మొగ్గ విచ్చుకుంటుంది.

అంటే ఆ పూత డెల్టా వాతావరణానికి వచ్చిన పూత కాదు. సిమ్లా చలికి వచ్చింది, మన ఎండకు విచ్చుకుంది. అసలు పరీక్ష రెండో ఏడాది నుంచి మొదలవుతుంది. ఆ మొగ్గలు ఇక్కడే తయారవ్వాలి, ఇక్కడి శీతాకాలంలోనే మేలుకోవాలి. చలి చాలని చెట్టులో ఒక కొమ్మ చివర చిగురిస్తుంది, మధ్య కొమ్మంతా మోడుగా ఉంటుంది. పూత వస్తే రెండు నెలల పొడవునా చెదురుగా వస్తుంది. ఆపిల్‌లో చాలా రకాలకు వేరే రకం పుప్పొడి కావాలి కాబట్టి, రెండు చెట్లు ఒకేసారి పూయకపోతే పిందె నిలవదు.

ఏసీ గది కుంకుమపువ్వులోనూ ఇదే సూత్రం. కుంకుమ దుంపలో పూమొగ్గ వేసవిలో, 23 నుంచి 27 డిగ్రీల దగ్గర తయారవుతుంది. తర్వాత 17 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. కశ్మీర్‌లోని పాంపోర్ దుంపలు కొని తెచ్చి గదిలో పెడితే మట్టి లేకపోయినా పూస్తాయి, దుంపలో దాచుకున్న శక్తి చాలు. కష్టమంతా ఆ తర్వాతే. పూసిన దుంప ఎండిపోయి, పిల్ల దుంపలు మళ్లీ పూయగలిగే సైజుకు పెరగాలంటే చల్లటి శీతాకాలం, వెలుతురు, నెలల కాలం కావాలి. అవి లేకపోతే ఏటా దుంపలు కొనాల్సిందే. గది కుంకుమ లాభమా నష్టమా అన్నది మొదటి ఏడాది పూల లెక్కలో కాదు, మూడో ఏడాది దుంపల లెక్కలో తేలుతుంది.

తక్కువ చలి ఆపిల్: రెండు వాదనలు

హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామం సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉంటుంది, వేసవిలో బాగా వేడెక్కుతుంది. అక్కడి రైతు హరిమన్ శర్మ ఆ వేడిలోనూ కాసే ఆపిల్ రకాన్ని ఎంపిక చేశారు. దాని పేరు హెచ్ఆర్ఎంఎన్-99. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆ మొక్కలను అనేక రాష్ట్రాల్లో పెట్టించి చూసింది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దీనికి ముందే ఇజ్రాయెల్ నుంచి అన్నా, బహామాస్ నుంచి డోర్సెట్ గోల్డెన్ అనే తక్కువ చలి రకాలు వచ్చాయి. వాటికి 300 గంటల లోపు చలి చాలు.

ఆశపడేవారి వాదన బలమైనదే. ద్రాక్ష కూడా చలి దేశపు తీగే. నాసిక్, సాంగ్లీ రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి దాన్ని మన వాతావరణానికి లొంగదీసుకున్నారు. ఇండోనేషియాలో తూర్పు జావా కొండల మీద బటు ప్రాంతం భూమధ్యరేఖకు దగ్గరలో ఉంది, అక్కడ ఆపిల్‌కు చలికాలమే లేదు. అయినా రైతులు కోత అయిన కొద్ది వారాలకే చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢ సుప్తావస్థలోకి జారకముందే చెట్టుకు మళ్లీ చిగురించే పని పడుతుంది. అలా ఏడాదికి రెండు కాపులు తీశారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో 2020లో ఒక రైతు తోటలో ఆపిల్ పండింది. మరో లాభం మార్కెట్‌ది. హెచ్ఆర్ఎంఎన్-99 జూన్‌లో కోతకు వస్తుంది, అప్పటికి కశ్మీర్ కొత్త కాయ ఇంకా రాదు.

సందేహించేవారు ఈ ఉదాహరణల్లో ఒక్కదాన్నీ కాదనరు. ఒక్కో ఉదాహరణలో ఏముందో దగ్గరగా చూడమంటారు. ఆసిఫాబాద్ జిల్లా తెలంగాణలో చలి ఎక్కువగా పడే ప్రాంతం, అక్కడ శీతాకాలపు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. బటు తోటలు సముద్ర మట్టానికి వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి, అక్కడ రోహిణి కార్తె ఎండ లేదు. నాసిక్ నేల పొడిది, నీరు నిలవదు. వీటిలో ఏదీ గోదావరి డెల్టా కాదు.

నా అంచనాకు డెల్టాలో చలి కంటే పెద్ద అడ్డంకి నీరే. కోనసీమలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. ఆపిల్ వేరు నీట నిలవలేదు, కుళ్లుతెగులు పడుతుంది. జూలై, ఆగస్టులో లంకలకు వరద, అక్టోబరు నుంచి తుపాన్ల భయం. పైగా కాయ పెరిగే ఏప్రిల్, మే నెలల్లో మనకు పడమటి గాడ్పు. ఎర్ర రంగునిచ్చే పదార్థం తయారవ్వడానికి చల్లటి రాత్రులు కావాలి, అవి లేకపోతే కాయ లేతరంగులోనే ఆగిపోతుంది. చలి సమస్యను కొత్త రకం తీర్చినా ఈ మూడింటినీ అది తీర్చదు. పెరట్లో మెరక మీద పెట్టిన ఒక చెట్టు పది కాయలు కాయవచ్చు. కొబ్బరి తోటను తీసేసి ఎకరం ఆపిల్ పెట్టడం వేరే ప్రశ్న. మొదటిదాని ఫొటో చూపించి రెండోదానికి జవాబు చెప్పడమే ఇప్పుడు జరుగుతున్న గందరగోళం.

ఆక్రోటు, బాదం, పిస్తా

వీటి సంగతి ఆపిల్ కంటే తేలిగ్గా తేలుతుంది. ఆక్రోటులో మగ పూత, ఆడ పూత ఒకే చెట్టు మీద వచ్చినా వేర్వేరు సమయాల్లో వస్తాయి. చలి చాలకపోతే ఆ తేడా మరీ పెరిగి కాపు పోతుంది. వేరు లోతుగా దిగాలి, నీటి మట్టం పైనున్న నేలలో అది కుదరదు. పిస్తాకు గట్టి చలికాలంతో పాటు ఎముకలు ఎండిపోయేంత పొడి వేసవి కావాలి, పైగా మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. బాదం తక్కువ చలితో పూసినా, పూత నుంచి కోత దాకా పొడి గాలి అడుగుతుంది. ప్రపంచంలో బాదం ఎక్కువగా కాలిఫోర్నియా నుంచి వచ్చేది అందుకే. మన వీధుల్లో గొడుగులా పెరిగే బాదం చెట్టు వేరే కుటుంబానిది, అది కాస్తోంది కాబట్టి ఇదీ కాస్తుందనుకోవడానికి లేదు. కిన్నౌర్ కొండల చిల్‌గోజా అయితే పైన్ జాతి చెట్టు, అడవిలో సేకరించేదే ఎక్కువ.

డెల్టా అంచున సముద్రపు ఇసుక నేలల్లో జీడిమామిడి ఉంది, కోనసీమలో మోరి చుట్టుపక్కల జీడిపప్పు పరిశ్రమ ఉంది. కొబ్బరి తోటల నీడలో కోకో, వక్క, జాజికాయ పెరుగుతున్నాయి. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. కోకోకు చలి తగిలితే పూతే ఆగిపోతుంది. రాత్రి చల్లబడని మన గుణం ఈ పంటలకు ఆస్తి.

బ్లూబెర్రీకి అడ్డం మట్టి, స్ట్రాబెర్రీకి అడ్డం కాలం

ఒకప్పుడు బ్లూబెర్రీ అంటే 800 గంటలకు పైగా చలి అడిగే పొద. ఫ్లోరిడాలో అడవి జాతితో కలిపి తక్కువ చలి రకాలు తీశాక లెక్క మారింది. పెరూ దేశం సముద్ర తీర ఎడారిలో, మనలాగే తక్కువ ఎత్తులో, ఈ రకాలతో ప్రపంచంలోనే పెద్ద బ్లూబెర్రీ ఎగుమతిదారు అయింది. "మరి మనమెందుకు కాదు?" అనిపించే ఉదాహరణ ఇది. పెరూ తీరం వెంట చల్లటి సముద్ర ప్రవాహం పారుతుంది. అందువల్ల అక్కడ వాన దాదాపు లేదు, వేసవి మన వేసవి కాదు.

ఇంకో చిక్కు మట్టిది. బ్లూబెర్రీకి ఉదజని సూచిక (పీహెచ్, నేల పులుపును చెప్పే కొలత) 4.5 నుంచి 5.5 ఉండే పుల్లటి నేల కావాలి. మన ఒండ్రు నేలలు చాలావరకు 7 నుంచి 8 మధ్య ఉంటాయి. ఈ సూచికలో ఒక్కో అంకె పదింతల తేడా. 4.5కూ 7.5కూ తేడా 3 అంకెలు, అంటే 10 ఇంటూ 10 ఇంటూ 10, వెయ్యింతలు. గంధకం వేసి కొంత తగ్గించినా, నీటిలోని బైకార్బనేట్ మళ్లీ పైకి లాగుతుంది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అందుకే చాలా దేశాల్లో బ్లూబెర్రీని ఇప్పుడు నేలలో కాకుండా కుండీల్లో పెంచుతున్నారు. ఆ కుండీల్లో నింపేది ఎక్కువగా కొబ్బరి పొట్టు. కోనసీమలో పీచు తీశాక గుట్టలుగా మిగిలేది అదే.

స్ట్రాబెర్రీది మరో దారి. దాన్ని మన దేశంలో ఏడాది పంటగా చూస్తారు. పగలు పొట్టిగా, రాత్రి 15 డిగ్రీల దగ్గరగా ఉంటే పూమొగ్గ కడుతుంది. మహాబలేశ్వర్‌లో, లంబసింగిలో శరదృతువులో నాటి శీతాకాలమంతా కోస్తారు. డెల్టాలో అలాంటి కాలం చాలా చిన్నది. డిసెంబరు, జనవరిలో నాలుగు కాయలు కాసి, ఫిబ్రవరి ఎండకు కాయ చిన్నబోయి మొక్క తీగలు పాకడంలో పడుతుంది. కుండీలో సరదాకు సరిపోతుంది.

వస, అతివస: ఒకే పొట్లంలో రెండు ప్రపంచాలు

పసిపిల్లలకు అరగదీసి పోసే ఉగ్గుమందు పొట్లంలో వస కొమ్మూ ఉంటుంది, అతివస దుంపా ఉంటుంది. మూలికల దుకాణంలో రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి గనక రెండూ ఒకేచోట పెంచవచ్చనిపిస్తుంది.

వస బురద మొక్క. కర్ణాటకలో తుమకూరు జిల్లా కొరటగెరె వైపు దాన్ని వరి మడుల్లాంటి చేలల్లో నీరు నిలిపి పెంచుతారు. డెల్టా నేలకు పరాయిది కాదు. అతివస హిమాలయాల్లో 2,400 మీటర్లకు పైన పెరుగుతుంది. కటుకరోహిణి, జటామాంసి 3,000 మీటర్లు దాటాక కనిపిస్తాయి. ఇవన్నీ వేరు కోసమో, దుంప కోసమో పెంచేవి. పగలు ఆకు తయారుచేసిన ఆహారంలో కొంత రాత్రి శ్వాసక్రియకు ఖర్చవుతుంది, రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. చల్లటి రాత్రులున్నచోట మిగులు వేరుకు చేరుతుంది. మన రాత్రుల్లో మిగులే ఉండదు. అక్కడ కూడా కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది.

మందు మొక్కల్లో బరువు ఒక్కటే చాలదన్నది ఇంకో మెలిక. కటుకరోహిణి విలువంతా పిక్రోసైడ్లు అనే చేదు పదార్థాల్లో ఉంది, అవి తయారవ్వడానికి చల్లదనం అనుకూలం. వెచ్చని చోట మొక్క బతికినా అందులో మందు సరిపడా లేకపోతే కొనేవారు ఉండరు.

చట్టం కూడా చూడాలి. అడవి నుంచి విపరీతంగా తవ్వేయడంతో చెంగల్వ కోష్టు అనే మరో హిమాలయ మూలికను, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చారు. జటామాంసి, కటుకరోహిణి రెండో జాబితాలో ఉన్నాయి. పెంచి అమ్మేవారు అది అడవిది కాదని రుజువు చూపాలి.

పులిహోరలో వేసే ఇంగువ కూడా చలి ఎడారి మొక్కే. దాన్ని పూర్తిగా బయటి నుంచే తెచ్చుకునే మన దేశంలో హిమాచల్‌లోని పాలంపూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సీఎస్ఐఆర్ పరిశోధనా సంస్థ 2020 అక్టోబరులో లాహౌల్ లోయలోని క్వారింగ్ గ్రామంలో మొదటి మొక్క నాటించింది. కొత్త ప్రాంతానికి పంట తేవడం అసాధ్యం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండలను పోలిన చోటునే వాళ్లు వెతికారు. అదే పద్ధతిలో మన నేలకు వెతికితే వసతో పాటు నీటి బ్రాహ్మి, సరస్వతి ఆకు, ఇసుక నేలల్లో వట్టివేరు వస్తాయి. వీటిని ఎవరూ వీడియో తీయరు గానీ, ఇవి ఏ చలినీ అప్పు అడగవు.

కొండ దగ్గరలోనే ఉంది, కానీ

రాజమండ్రి నుంచి తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగికి ఒక పూట ప్రయాణం. చింతపల్లిలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రం ఉంది. అరకు, చింతపల్లి కొండల్లో అరబికా కాఫీ, మిరియాలు స్థిరపడ్డాయి, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తక్కువ చలి ఆపిల్‌కు తెలుగు నేలలో న్యాయమైన పరీక్ష ఎక్కడైనా జరగాలంటే అది ఈ ఎత్తుల్లోనే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ ఏజెన్సీ కొండల్లో ఆపిల్ మొక్కలు పెట్టించి చూసింది కూడా అందుకే. హిమాచల్‌లో వేడి పెరిగి ఆపిల్ తోటలు కులు దిగువ నుంచి కిన్నౌర్, లాహౌల్ ఎత్తులకు జరుగుతున్న ఈ కాలంలో, 1,000 మీటర్ల కొండ మీద నాటే చెట్టుకు ఇప్పుడున్న చలి పాతికేళ్ల తర్వాత ఉంటుందా అన్నది అక్కడా అడగాల్సిందే.

డెల్టాలో డబ్బున్న రైతుకు వెంటనే వచ్చే ఆలోచన అక్కడ ఎకరం కొనడమో, కౌలుకు తీసుకోవడమో. ఆ కొండలు షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70గా అందరికీ తెలిసిన భూబదలాయింపు నిబంధన ప్రకారం అక్కడ భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. ఆ నిబంధనలో బదిలీ అంటే అమ్మకమే కాదు, కుదువ, కౌలు, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. నోటిమాట కౌలుతో స్ట్రాబెర్రీ వేసినవారికి పెట్టుబడి పోతే అడిగే హక్కు ఉండదు. భూమి ఇచ్చిన గిరిజన కుటుంబానికి తన చేనులోనే కూలి మిగులుతుంది. కొండ పంట కొండ రైతుదిగా ఉంటే డెల్టాకు మిగిలే పనులు వేరు. అంటు కట్టడంలో కడియం చేతివాటం, కోనసీమ కొబ్బరి పొట్టు, ఇక్కడి మార్కెట్. కోసిన స్ట్రాబెర్రీ మామూలు గదిలో రెండు రోజులకు మించి నిలవదు. తెల్లవారుజామున లంబసింగిలో కోసిన కాయ ఘాట్ దిగి మన ఎండలోకి వచ్చే దారిలో చల్లటి నిల్వ గది ఉందా, ఉంటే అది కోసిన రైతు చేతిలో ఉందా అన్నదాన్ని బట్టే ఆ కాయ ధర ఎవరికి దక్కుతుందో తేలుతుంది.